ఐదేళ్ల చిరునామా

ఏసమ్మకు కోపం వస్తే బిజినేపల్లి బస్టాండులో నిలబడ్డవాళ్లు కూడా పక్కకు తప్పుకుంటారు. ఆ కోపానికి పెద్దా చిన్నా లేదు. తట్టలెత్తి బండబారిన చెయ్యి ఒక్కసారి ఊపిందంటే ఎంతటి మేస్త్రీ అయినా మాట మింగాల్సిందే. పాతికేళ్లు, కూలీలను పనులకు తీసుకుపోయే గుంపు మేస్త్రీల వెంట రాష్ట్రాలు తిరిగి కాలువలు తవ్వింది, డ్యాములు కట్టింది. మహారాష్ట్రలో ఒక డ్యాము పనిలో మొగుడు మాసయ్య మీద బండ పడింది. నాగర్‌కర్నూల్లో మేనమామ ఇంట్లో ఉండి పదో తరగతి పరీక్షలు రాసి సెలవులకు వచ్చిన బిడ్డ రేఖ కళ్లముందే ప్రాణం పోయింది. అక్కడే పాతిపెట్టి, మూడోనాడు మళ్లీ తట్ట ఎత్తుకుంది ఏసమ్మ. ఏడుస్తూ కూర్చుంటే పెట్టేదెవరు?

అప్పటినుంచి రేఖ తల్లితోనే ఉంది. పనిచోట్ల గుడిసెల్లో, కంకర మిషన్ చప్పుడులో చదివి ఇంటర్ ప్రైవేటుగా పాసైంది.

2006లో చర్చి పాస్టరు పాల్ ఒక వార్త తెచ్చాడు. అడవుల్లోని ఊళ్లకు చిన్న విమానాల్లో మందులు చేరవేసే మిషను సంస్థ ఒకటి అమ్మాయిలను అమెరికా పంపి విమానం నడపడం నేర్పిస్తుందట. రేఖ పరీక్ష రాసింది, సీటొచ్చింది.

"ఒక్క చిక్కున్నది ఏసమ్మా" అన్నాడు పాల్. "విమానాలతోని బంగ్లాలు కూలగొట్టిన కాడినుంచి అమెరికావోళ్లు బయటి పిల్లలకు ఊకెనే నేర్పుతలేరు. వీసా వేరే, ఈ పర్మిషన్ వేరే. ఏలిముద్రలియ్యాలె. ఐదేండ్ల సంది యాడ యాడ ఉన్నదో రాయాలె. మన పోలీసోళ్లు గూడ సర్టిఫికెట్ ఇయ్యాలె."

"ఇస్తరు తియ్. మనమేమన్న దొంగలమా?"

ఇంకో ఇరవై రోజుల్లో క్లాసులనగా స్టేషన్ నుంచి కబురొచ్చింది, సర్టిఫికెట్ ఇవ్వరని. అది లేకుంటే పర్మిషన్ లేదు, పర్మిషన్ లేకుంటే వీసా లేదు, సీటు ఇంకొకరికి పోతుంది. ఏసమ్మ కొంగు నడుముకు దోపి, బిడ్డను రెక్క పట్టుకుని స్టేషన్‌కు నడిచింది.

"నా బిడ్డ ఏం పాపం జేసింది సారూ? కూలోళ్ల పిల్ల విమానమెక్కొద్దా? గందుకేనా కండ్లల్ల నిప్పులు పోసుకుంటున్నరు?"

"జర ఊకో" అన్నాడు ఎస్సై. "అబద్ధం రాసింది మేం కాదు, నీ బిడ్డ. ఐదేండ్లు నాగర్‌కర్నూల్ల మేనమామ ఇంట్ల ఉన్ననని రాసింది. మా కానిస్టేబుల్ పోయి అడిగితే పండుగకొచ్చి పోతది, గంతే అన్నరు వాడకట్టోళ్లు. రేపు ఏమన్నయితే నా నౌకరి పోదా?"

ఏసమ్మ బిడ్డ వైపు తిరిగింది.

"గట్ల రాసినవా?"

రేఖ తల వంచుకుంది. "ఇంటి నంబరు లేదు, గల్లీ లేదు. గుడిసెలల్ల ఉన్నమని ఏం రాయాలె అమ్మా? అందరు నవ్వుతరు."

"నవ్వుతరా? మీ నాయిన సచ్చిన జాగ జెప్పనీకి సిగ్గయితున్నదా నీకు!"

స్టేషనంతా దద్దరిల్లింది. ఎవరూ కూర్చోమనకపోయినా ఏసమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "రాయి" అంది బిడ్డతో. అక్షరం రాని ఏసమ్మ ఐదేళ్లలో తామున్న నాలుగు చోట్లూ వరసగా చెప్పింది. ఏ కాలువ, ఏ ఊరి పక్కన, ఏ మేస్త్రీ, వానలు పడ్డాక వెళ్లారా ముందే వెళ్లారా, ఒక్కటీ తప్పలేదు. రేఖ రాస్తూ పోయింది.

"ఈ డ్యాము కాడి గుడిసెలు ఇంకా ఉన్నయా?" అడిగాడు ఎస్సై. "ఎవరన్న పోయి చూస్తే కనబడాలె గద."

"యాడియి సారూ? డ్యాము నిండినంక అన్ని మునిగినయి. మా మాసయ్య గోరి గూడ గా నీళ్లల్లనే ఉన్నది."

"మరి నన్నేం రాయమంటవు?"

"మీ పోలీసును పంపుండ్రి. ఈత వచ్చినోన్ని పంపుండ్రి!"

కానిస్టేబుల్ కిసుక్కున నవ్వాడు. ఎస్సై నవ్వలేదు. కాగితం తీసుకుని, మేస్త్రీలకు ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు. నాలుగో రోజున సర్టిఫికెట్ ఇచ్చాడు.

దిద్దిన చిరునామాలు పంపితే అమెరికా నుంచి ఒకే ఒక్క ప్రశ్న వచ్చింది, మొదట వేరే చిరునామా ఎందుకు రాశావని. రేఖ ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని జవాబు పంపింది. వారం తిరిగేసరికి పర్మిషన్ వచ్చింది, వెనకే వీసా. పాల్ మిఠాయి పంచాడు. స్టేషన్ నుంచి వచ్చినప్పటినుంచీ బిడ్డతో మాటలు బంద్ పెట్టిన ఏసమ్మ ఆ పూట నోరు విప్పింది.

"ఏమని రాసినవు వాళ్లకు?"

రేఖ కాగితం తీసి తెలుగులో చదివింది. "మా అమ్మ రెక్కల కష్టంతోనే నేను బతికాను. గుడిసెల్లో ఉన్నామని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. తప్పు నాది."

ఏసమ్మ బిడ్డ వీపు మీద ఫెడీమని ఒకటి చరిచింది. కళ్లలో నీళ్లు గిర్రున తిరుగుతున్నా గొంతు మాత్రం తగ్గలేదు.

"గీ మాట నాతోని జెప్పనీకి అమెరికావోడు అడగాల్నానే?"