టై కట్టిన కోతి, ఉరుముల వాన

నాన్న పోయాక మా అమ్మ నవ్వడం మానేసింది. ఎస్టేటు కూలీల లైన్ ఇళ్లలో ఉన్న రోజుల్లో ఆమె నవ్వితే నాలుగిళ్ల అవతలికి వినపడేది. ఇప్పుడు సుంగై పెటాని పట్నంలోని మా ఇంట్లో టీవీ ఒక్కటే నవ్వుతోంది. ఎక్కడికైనా వెళ్దామంటే "నాకేటి పనే అక్కడ?" అంటుంది. చివరికి కౌలాలంపూర్‌లో ఒక నడక ఉందని తెలిసి, అమ్మను అడక్కుండానే ఇద్దరి పేర్లూ రాయించేశాను. ఈ దేశపు తొలి నివాసులైన ఒరాంగ్ అస్లీలలో ఒకామె నగరపు గోడబొమ్మలను తమవాళ్ల కళ్లతో చూపిస్తుందట. మనిషికి అరవై రింగిట్లు.

పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నానికి కేఎల్ సెంట్రల్ స్టేషన్ చేరాం. అక్కడి నుంచి నగర రైలు ఎల్ఆర్‌టీలో ఒక్క స్టేషన్ వెళ్తే నడక మొదలయ్యే పసర్ సెని. పొద్దుటి రైలు దారి పొడవునా ఆయిల్‌పామ్ తోటలు ఎంతకీ తరగలేదు. అమ్మ కిటికీకి తల ఆనించి నిద్రకీ మెలకువకీ మధ్య ఎక్కడో తిరుగుతూ వచ్చింది. మూడింటికి నది ఒడ్డున మా గైడ్ నోరి కలిసింది. పెరాక్ కొండల్లోని సెమాయ్ తెగ అమ్మాయి. మలయ్ భాషలో, వినీ వినపడనంత నెమ్మదిగా మాట్లాడుతుంది. "ముందు నదిని చూడండి, గోడలు తర్వాత" అంది. ఆ గొంతు వెంట సందుల్లో తిరుగుతుంటే సిమెంటు కింద ఇంకా అడవి ఊపిరి తీస్తోందేమో అనిపించింది. ఒక గోడ మీద పులి, ఇంకో గోడ మీద ముక్కుతో వేణువు ఊదుతున్న ముసలామె. "మా అవ్వ ఇలాగే ఊదేది" అని నోరి ఆ గోడను అరచేత్తో తాకింది.

తర్వాతి సందులో టై కట్టుకుని, నల్లకళ్లద్దాలు పెట్టుకుని, టీ తాగుతున్న కోతి బొమ్మ ఉంది. అమ్మ ఆగిపోయింది. "ఒలే, సూడే! మా పెళ్లిలో మీ నాన్న అచ్చం ఇలాగే నిలబడినాడు!" అంటూ పకపకా నవ్వేసింది. రెండేళ్ల తర్వాత ఆ నవ్వు వినేసరికి నాకు కళ్లు చెమర్చాయి. అంతలో నోరి చెయ్యెత్తింది.

"పిన్నిగారూ, దయచేసి నవ్వకండి. జంతువులకు బట్టలు తొడిగి నవ్వడం మావాళ్లలో తప్పు. ఉరుములకు కోపం వస్తుంది. అందుకే నేనీ బొమ్మ దగ్గర ఆగను."

అమ్మ నవ్వు టక్కున ఆగింది. నాకు ఒళ్లు మండింది. నోరు తెరవబోతుంటే అమ్మే నా చెయ్యి నొక్కి, "ఊరుకోవే, ఆళ్ల కట్టుబాటు ఆళ్లది" అంది.

సందు దాటామో లేదో ఆకాశం నల్లబడి పెద్దగా ఉరిమింది, వాన మొదలైంది. దుకాణాల వసారాలోకి పరుగెత్తాం. అమ్మ ముఖం పాలిపోయింది. నా వల్లేనా అని నోరిని మలయ్‌లో అడిగింది. "మా అవ్వయితే నవ్వినవాళ్ల జుట్టు కాస్త కత్తిరించి కాల్చేది" అని నోరి మాటవరసకు చెప్పింది. అమ్మ వెంటనే ముడి విప్పి, ఒక తెల్లవెంట్రుకను పుటుక్కున లాగి ఆమె చేతిలో పెట్టింది. నేను పక్క కొట్లో లైటర్ అడిగి తెచ్చాను. నోరి తన భాషలో ఏదో గొణిగి దాన్ని కాల్చింది. ముగ్గురం ఆకాశం వైపు చూశాం.

వాన రెండింతలైంది.

ముందు నోరికే నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయింది. "ఇప్పుడు నవ్వొచ్చా?" అని అమ్మ భయంభయంగా అడిగింది.

"మనల్ని చూసి మనం నవ్వుకుంటే తప్పులేదు పిన్నిగారూ."

అంతే, అమ్మ స్తంభం పట్టుకుని కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. వానలో తడిసిన గోడలు రంగులు కక్కుతున్నట్టు మెరిశాయి.

నాన్న మాట ఎత్తకపోతే అమ్మ కుదుటపడుతుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. తీరా ఆమె నవ్వింది నాన్నను తలుచుకునే. తిరుగు రైల్లో ఆ పెళ్లి కబుర్లన్నీ చెప్పింది. నేను వినడం అదే మొదటిసారి. వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా: వాన బాధ ఉండదని అందరూ ఉదయపు నడకే ఎంచుకోమంటారు. మీరు మధ్యాహ్నానిది ఎంచుకోండి, వసారాలో కాసేపు ఇరుక్కుపోండి.