డాల్ఫిన్ ముక్కు యుద్ధ విమానం

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి రెండు జబ్బులు పట్టుకుంటాయి. ఇంట్లో అందరి కళ్లూ చెమర్చేంత గొప్ప పని ఏదో చేసి చూపించాలనుకోవడం మొదటిది. అది వెంటనే, వీలైతే నిన్ననే, జరిగిపోవాలనుకోవడం రెండోది. ఆ రోజుల్లో నాకు రెండూ ముదిరి ఉండేవి. కొంపల్లిలో ఆఫీసు, మేడ్చల్‌లో ఇల్లు, మధ్యలో నేనూ నా స్కూటీ. కుర్చీలో కూర్చున్నా మోకాలు ఆగేది కాదు (పక్క సీటు అమ్మాయి తన కాఫీ కప్పు ఎత్తి చేత్తో పట్టుకుని తాగేది, బల్ల మీద పెడితే ఒలుకుతుందని). "కాళ్లల్ల చక్రాలున్నయా నీకు? జెరసేపు కూసోరాదు!" అని అమ్మ రోజూ అరిచేది. అలాంటి నేను, ఓపిక తప్ప మరేమీ అక్కర్లేని ఒక పని నెత్తికెత్తుకున్నాను. మా తాతకి ఆయన యుద్ధ విమానం నమూనా చేయించడం.

తాత అంటే అమ్మ వాళ్ల నాయిన. షామీర్‌పేటలో ఒక కాలనీలో అవ్వతో ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు వైమానిక దళంలో పనిచేశాడనీ, డెబ్బై ఒకటి యుద్ధంలో పడమటి సరిహద్దు దగ్గర ఉన్నాడనీ మాకు తెలుసు. తెలిసింది అంతే. మిగతాది మేమే పూరించుకున్నాం. మా మేనమామ లెక్కలో తాత ఫైటర్ విమానం నడిపాడు. అమ్మ లెక్కలో బాంబులు కూడా వేశాడు. బడిలో నేను స్నేహితురాళ్లకు చెప్పిన లెక్కలో అయితే, శత్రు విమానాన్ని రెక్క పట్టుకుని కిందికి లాగేశాడు. ఆయన మాత్రం ఎన్నడూ నోరు విప్పలేదు. "నీ ఇమానం ఎట్లుండె తాతా?" అని అడిగితే, "మంచిగుండె బిడ్డా. పాపం, మస్తు దెబ్బలు తిన్నది" అని చల్ల గిన్నె ముందుకు లాక్కునేవాడు. వీరులు తమ గొప్ప తాము చెప్పుకోరు కదా అని మేము ఆ మౌనాన్ని కూడా ఆయన ఘనత కిందే జమ వేశాం.

ఆ కాలనీ అధ్యక్షుడుగారు గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. సభలంటే ప్రాణం. "ఈసారి జెండా పండగకి మీ తాతగారికి సన్మానం చేద్దామండి. ఫైటర్ పైలట్ మన కాలనీలో ఉండడమంటే మాటలాండి? ఆయన విమానం బొమ్మ ఒకటి స్టేజీ మీద పెట్టామనుకోండి, అదిరిపోద్దండి!" అన్నారు. ఆయన వాక్యం పూర్తయ్యేలోపే నేను స్కూటీ స్టార్ట్ చేశాను.

దూలపల్లిలో ఫైబర్ బొమ్మలు చేసే షెడ్డు ఒకటి ఉందని ఎవరో చెబితే అక్కడికి పోయాను. వాకిట్లో తల లేని జిరాఫీ, పెళ్లి మంటపాలకు అద్దెకిచ్చే హంసలు, పిల్లల పార్కు కోసం రంగు వేయని ఏనుగు. వాటి మధ్య ముక్కుకి గుడ్డ కట్టుకుని పని చేస్తున్న ఆయనే యజమాని. ఊరు రావల్కోల్. అందరూ ఫైబర్ భాయ్ అనేవారు. "నాకు స్కేల్ మోడల్ కావాలె భాయ్" అన్నాను దర్పంగా. "స్కేల్ ఉన్నది మేడం. టేపు గూడ ఉన్నది. ఫికర్ జేయకుండ్రి" అన్నాడాయన. స్కేలంటే కొలబద్ద కాదనీ, అసలు విమానంలో ఏ భాగం ఎంతుందో ఆ లెక్క ప్రకారమే బొమ్మలోనూ ఉండాలనీ, లెక్క ఎక్కడా తప్పకూడదనీ చాలాసేపు వివరించాను. ఆయన ఓపికగా విని, "గది సరే. పార్కుల పెట్టేదా, టేబుల్ మీద పెట్టేదా?" అన్నాడు. టేబుల్ మీద అన్నాను. ఫోన్‌లో ఒక ఫైటర్ ఫొటో చూపించాను. (అది తాత విమానమేనా అని తాతని అడగలేదు. అడిగితే సర్‌ప్రైజ్ పోతుందట! ఆ వయసు తెలివి అలాంటిది.)

ఇక మొదలైంది నా పరేషాన్. ఆఫీసుకు పోతూ ఒక ఫోన్, వస్తూ ఒక ఫోన్, మధ్యాహ్నం అన్నం ముద్ద నోట్లో ఉండగా ఒక ఫోన్. "రెక్కలైనయా భాయ్? తోక పెట్టిన్రా? రంగేసిన్రా?" చివరికి ఆయన సహనం కూడా అడుగంటింది. "మేడం, ఫైబర్ ఆరాలె. మీరు ఫోన్ జేస్తే అది జల్దీ ఆరదు" అన్నాడు. చూసి వద్దామని పోతే, "పచ్చిగున్నప్పుడు చూడొద్దు, దిష్టి" అని గేటు దగ్గర్నుంచే పంపేశాడు. నిద్రలో కూడా నా కాళ్లు ఆడుతున్నాయని అమ్మ వేరే గదిలో పడుకోవడం మొదలుపెట్టింది.

జెండా పండగ రేపనగా ఫోన్ వచ్చింది. పోయి చూస్తే షెడ్డులో విమానం ఉంది. ఉందంటే మామూలుగా లేదు. నా స్కూటీని దాని రెక్క కింద నీడకి పెట్టుకోవచ్చు. ఆ రెక్క కింద నిలబడే అరిచాను. "భాయ్... టేబుల్ మీద పెట్టేదని చెప్పిన గదా!"

"చెప్పిన్రు మేడం. కని ముక్కుకు నా దగ్గర ఒకటే అచ్చున్నది. డాల్ఫిన్‌ది. ముక్కు గంతుంటే ఒళ్లు గింతుంటే ఎట్ల? ముక్కును బట్టి ఒళ్లు పెంచిన. లెక్క తప్పొద్దని మీరే అన్నరు!"

నేను చెప్పిన పాఠం ఆయనకి అంత బాగా ఎక్కిందని నాకప్పుడు తెలిసింది. అప్పుడే ఇంకొకటి కూడా గమనించాను. విమానం నవ్వుతోంది. డాల్ఫిన్ అచ్చు కదా, ఎంత రంగు పూసినా ఆ మూతి చిరునవ్వు పోలేదు. పులిచారల రంగు, రెక్కల కింద బాంబులు, ముందు చక్రానికి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు ("కొత్త బండి గదా" అన్నాడు భాయ్). మర్నాడు సభ. వేరే దారి లేదు. ట్రాలీ ఆటో మాట్లాడాం.

విమానాన్ని తాళ్లతో కట్టి, వెనక తోక పట్టుకుని ఫైబర్ భాయ్, ఆ వెనక స్కూటీ మీద నేను. కొంపల్లి మాల్ ముందు కార్లు ఆపి జనం ఫొటోలు తీసుకున్నారు. మేడ్చల్‌లో ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీకి తోక తగిలి, ఆయన మీసం ఒకవైపు చినిగి మా విమానానికి అతుక్కుని వచ్చింది. షామీర్‌పేట రోడ్డు మీద ఒక కానిస్టేబుల్ ఆపాడు. "ఏందమ్మా గిది? పర్మిషన్ ఉన్నదా?"

"బొమ్మ సార్. మా తాతది."

"మీ తాత గిసొంటి బొమ్మలతోని ఆడుకుంటడా?" అని చుట్టూ తిరిగి చూసి, చివరికి ముక్కు దగ్గర నిలబడి సెల్ఫీ తీసుకుని వదిలేశాడు.

తాత ఇంటి ముందు దించేసరికి సాయంత్రమైంది. కేకలు వేస్తాడనుకున్నాను, లేదా కౌగిలించుకుంటాడనుకున్నాను. రెండూ జరగలేదు. తాత విమానం చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. వేలి కణుపుతో పొట్ట మీద తట్టి చూశాడు. "లోపట ఖాళీయేనా?" అన్నాడు.

"ఖాళీనే సాబ్. ఇంజను గింజను ఏం లేదు" అన్నాడు భాయ్ కొంచెం సిగ్గుపడుతూ.

తాత ముఖం అదోలా అయిపోయింది. "రేపు గిది అందరి ముంగట పెడ్తరా బిడ్డా? నన్ను ఏమని చెప్తరు?" అని అడిగాడు. ఫైటర్ పైలట్ అని చెప్తారన్నాను. ఆయన గేటు దాకా పోయి వచ్చాడు. మళ్లీ పోయి వచ్చాడు. అన్నం ముందు కూర్చుని కలిపి, తినకుండానే లేచాడు. నా కాళ్ల జబ్బు ఆయనకి అంటుకుందేమో అనిపించింది. ముక్కు నచ్చలేదనే అనుకున్నాను నేను.

మర్నాడు జెండా ఎగరేశాక అధ్యక్షుడుగారు మైకు పట్టుకుని తాతని ఆకాశానికెత్తారు. శాలువా కప్పబోతుండగా తాత చెయ్యి అడ్డం పెట్టి మైకు తీసుకున్నాడు.

"నేను పైలట్‌ను కాను. ఎయిర్‌ఫోర్సుల వడ్రంగం పని చేసిన. యుద్ధం వచ్చినప్పుడు మమ్ముల అసలు ఇమానాలకు దూరంగ ఒక బీడుల దించిన్రు. కట్టెలు, బొంగులు, గోనెపట్టలు ఇచ్చి ఇమానం చేయుమన్నరు. పైకెల్లి చూసెటోడు అసలుదే అనుకొని దాని మీద బాంబేస్తే, అసలువి బతుకుతయ్. గది నా ఇమానం. పొద్దుగాల వాళ్లొచ్చి కూలగొడుదురు. పొద్దుగూకేలోపట మేము మల్ల నిలబెడుదుము. బాంబు పడ్డప్పుడల్ల గుంటల పండుకొని చప్పట్లు కొట్టినం." అవ్వ వైపు చూశాడు. "ఇంటికొచ్చి ఏమని చెప్పాలె? ఉత్తుత్తి ఇమానం చేసిన అంటే పిల్లనిస్తరా ఎవలన్న? మీరంత పైలట్ అనుకున్నరు. నేను ఊకున్న."

నాకైతే స్టేజీ కింద దూరిపోవాలనిపించింది. అప్పుడు ముందు వరసలోంచి అవ్వ లేచింది.

"నాకు తెల్వదా? పెండ్లైన నెలకే తెల్సింది. బస్సుల కిటికీ పక్కన కూసుంటెనే ఈయనకు కండ్లు తిరుగుతయ్. గీయన ఇమానం నడిపిండంటే నేను నమ్ముతనా?"

ముందు నవ్వింది తాతే. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత సభంతా నవ్వింది. ఆ నవ్వుల మధ్య అధ్యక్షుడుగారికి దారి దొరికింది. "అంటే అసలు విమానాల మీద పడాల్సిన బాంబులన్నీ తాతగారి విమానమే కాసిందన్నమాటండి! కప్పండి శాలువా!" అన్నారు. ఈసారి చప్పట్లు ఆగలేదు. ఫైబర్ భాయ్ అయితే బెంచీ ఎక్కి కొట్టాడు.

ఆ మధ్యాహ్నం విమానాన్ని తాత మేడ మీదికెక్కించాం. ఎండ తగలకుండా నేను పెద్ద టార్పాలిన్ పట్టా కప్పబోతే తాత లాగేశాడు. కొబ్బరి మట్టలు తెప్పించి అక్కడక్కడా కప్పి, దూరం జరిగి చూసి, ఒక మట్ట తీసేశాడు. "పూర్తిగ కప్పొద్దు బిడ్డా. దాసినట్లుండాలె, కనబడాలె. కనబడకపోతే వాడెట్ల మోసపోతడు?" ఆ పూట తాత అలుపు లేకుండా మాట్లాడాడు. గోనెపట్టకి ఏ రంగు కలిపారో, గాలికి రెక్క ఎగిరిపోతే దాని వెంట ఎలా పరుగెత్తారో, పక్కవాడు బొంగుల్లో చెయ్యి ఇరికించుకుని ఎలా తిట్టాడో. నేను పిట్టగోడకి ఆనుకుని విన్నాను. ఫోన్ ఎక్కడ పెట్టానో కూడా గుర్తులేదు.

షామీర్‌పేట మీదుగా శిక్షణ విమానాలు పోవడం మామూలే. ఆ సాయంత్రం ఒకటి కొంచెం కిందుగా, మా మేడ మీద నుంచే పోయింది. తాత నా భుజం పట్టుకుని, పరీక్ష రాసి ఫలితం చూసుకున్న పిల్లవాడిలా, "చూసిండు బిడ్డా! వాడు చూసిండు!" అన్నాడు.

వాడు చూశాడో లేదో నాకు తెలియదు. కానీ రెండు నిమిషాలు ఒకచోట నిలబడలేని ఆ పిల్ల, విమానం చప్పుడు పూర్తిగా పోయాక కూడా, అది మళ్లీ తిరిగొస్తుందేమోనని ఆకాశం వైపు చూస్తూ చీకటి పడేదాకా అక్కడే నిలబడింది. ఇప్పుడు తలుచుకుంటే అప్పటి నా మీద నవ్వూ వస్తుంది, కొంచెం అసూయ కూడా వేస్తుంది.