కాజాలు లేని చొక్కా

మా దర్జీ తాత ఎంత వంకర ఒంటికైనా చొక్కా చక్కగా కుడతాడు గానీ కాజా కుట్టడం మాత్రం చేతకాదు. ఆ పని పక్క కుర్చీలో కూర్చునే కాజాల తాతది. లోకమంతా ముందు కాజా తీసి తర్వాత గుండీ వేస్తుంది. వీళ్లది తిరగబడ్డ వరస. మా తాత గుండీలు వేసి చొక్కాను మేకుకు తగిలిస్తే, ఆయన తీసుకుని కాజాలు కుట్టేవాడు. ఇద్దరి దేవుళ్లూ వేరు. టీ మాత్రం ఒకటే తెప్పించుకుని చెరిసగం తాగుతూ రోజంతా పోట్లాడుకునేవారు.

ఈసారి ఎన్నికల్లో దేవుడికో పార్టీ బయల్దేరింది. మనవాళ్ల అభ్యర్థినంటూ ఒకాయన చొక్కా గుడ్డ తెచ్చి, ఆ పక్క కుర్చీలో కూడా మనవాడే ఉంటే బాగుంటుందని నవ్వుతూ అన్నాడు. తాత తల వంచుకుని గుడ్డ కొలవసాగాడు. కాజాల తాత సూదుల డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు. టీ వేళకి వస్తాడులే అనుకున్నాడు తాత. రాలేదు. తనవాళ్ల వీధిలో వేరే కొట్లో చేరాడు.

అలవాటు చొప్పున తాత ఆ చొక్కాకు గుండీలు వేసి మేకుకు తగిలించాడు. అభ్యర్థి మనుషులు అలాగే పట్టుకుపోయారు. మీటింగు రోజు చూస్తే గుండీలున్నాయి, కాజాల్లేవు. చొక్కా తిరిగొచ్చింది, తిట్లతో సహా.

"ఆ రోజు నువ్వు నోరు మూసుకున్నావు, ఇప్పుడు చొక్కా నోరు తెరిచింది," అంది నానమ్మ.

తాత చొక్కా చంకన పెట్టుకుని ఆ వీధికి వెళ్లాడు.

"మీవాళ్లలో కాజాలు కుట్టేవాడే దొరకలేదా బావా?" అన్నాడు కాజాల తాత.

"వెతకలేదు."

ఆయన చొక్కా అందుకున్నాడు. టీ రెండు గ్లాసుల్లో వచ్చింది. తాత సగం తాగి, మిగిలింది అటు జరిపాడు. దాన్నెవరూ ముట్టుకోలేదు.

"ఒక్క మాట అనలేకపోయావు కదా," అన్నాడు ఆయన దారం కొరుకుతూ. కాజాలు పూర్తిచేసి చొక్కా చేతికిచ్చాడు.

సాయంత్రం చొక్కా కోసం అభ్యర్థే స్వయంగా తాత కొట్టుకి వచ్చి, చనువుగా ఆ ఖాళీ కుర్చీలో కూర్చోబోయాడు.

"ఆ కుర్చీకి మనిషున్నాడు. కూర్చోకండి," అన్నాడు తాత.

అభ్యర్థి చొక్కా తీసుకుని మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు. ఆ మాట అవతలి వీధిదాకా వినపడిందేమోనని తాత కొట్టు మూసేదాకా గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాడు. మేకుకు ఇంకో చొక్కా తగిలించి మరీ.