లెక్కలో వేయని తీర్థం: రావివలస నుంచి ఉద్దానం తోటల దాకా ఒక నడక

పదో తరగతి పరీక్షల తర్వాత నేను ఇంత పొడుగున ఏదీ రాయలేదు. కిందటి వారం పలాసలో డయాలసిస్ వార్డు బయట బల్ల మీద కూర్చుని ఉంటే, పక్కనున్న ఒక కోడలుపిల్ల అడిగింది: "అత్తా, ఇలాటి మనిసినీ పిల్లల్నీ ఎంటబెట్టుకొని ఎక్కడికైనా నడిసి రాగలమా?" రాగలమని చెప్పాను. దారులు, ఆటో ఖర్చు, నీడ ఎక్కడ దొరుకుతుందో అన్నీ చెప్పాను. ఒక్క మాట మాత్రం నోటికి రాలేదు. అది చెప్పకుండా మిగతాదంతా చెప్పి లాభం లేదని ఇంటికొచ్చాక తోచింది. అందుకే కాగితాలు ముందు పెట్టుకున్నాను. మా అమ్మాయి వీటిని తన ప్రయాణాల బ్లాగులో పెడతానంది.

మాది టెక్కలి. మా ఆయన పుట్టింది ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గరి ఊళ్ళో. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పెరిగిన మనిషి. మూడేళ్ళుగా సోమ, బుధ, శుక్రవారాల్లో ఆయనకు డయాలసిస్. ఆ మూడు రోజులూ ఆసుపత్రి, మిగతా రోజులు మంచం. పోయిన మాఘమాసంలో మా మనవరాలు మేఘన, తొమ్మిదేళ్ళది, "తాతా, మీ ఊరి సముద్రం ఎలా ఉంటుంది?" అని అడిగింది. ఆ రాత్రి ఆయన నాతో, "ఒక్కపాలి తోటలోంచి సముద్రం కాడికెళ్ళాలే. ఆటోలో కాదు, నడిసి" అన్నారు. ఈ జబ్బు వచ్చాక ఆయన నోట విన్న మొదటి కోరిక అది. డాక్టరుగారిని అడిగాం. నీడపట్టున, నెమ్మదిగా, నీళ్ళు రోజు మొత్తానికి అరలీటరు దాటకుండా అయితే వెళ్ళవచ్చన్నారు. పిల్లకు బడి ఉండదని ఆదివారం పెట్టుకున్నాం.

ఉదయం ఆరున్నరకు తెలిసిన ఆటో మాట్లాడుకుని బయలుదేరాం. రోజంతా తిప్పి తెచ్చినందుకు పద్నాలుగు వందలు. ఆటో నడిపే సింహాచలం మా ఆయన్ని మావా అని పిలుస్తాడు. ఉతికిన పంచె కట్టుకుని వచ్చిన మా ఆయన్ని చూసి, "ఏటి మావా, పెళ్ళికొడుకునాగ తయారైపోనావు?" అన్నాడు. "పెళ్ళికూతురికి యాభయ్యేళ్ళురా. బేగి పోనీ, మనసు మార్చుకుంటాది" అన్నారు ఈయన. మేఘన పడీ పడీ నవ్వింది. మా ఇంట్లో నవ్వు విని ఎన్నాళ్ళయిందో నాకు అప్పుడు గుర్తొచ్చింది.

ఏడుకల్లా రావివలస చేరాం. ఎండల మల్లికార్జునస్వామికి పైకప్పు లేదు. ఎండా వానా అన్నీ ఆయన మీదే. ఆ స్వామిని చూసినప్పుడల్లా, మన బాధ తెలిసిన దేవుడనిపిస్తుంది నాకు. కార్తీక సోమవారాల్లో అయితే కాలు పెట్టడానికి చోటుండదు కానీ, మామూలు ఆదివారం పొద్దున్నే పిల్లలతో ప్రశాంతంగా తిరగవచ్చు. ముగ్గురి పేరునా మూడు కొబ్బరికాయలు కొట్టించాను. ఆ నీళ్ళు ఒక్క చుక్క కింద పడనివ్వకుండా చెంబులో పట్టాను. ఈయన మళ్ళీ తన కాళ్ళ మీద తోటలోకి నడవాలని నేను మొక్కుకున్న మొక్కు అది. గ్లాసు నిండా పోసి ఆయన చేతికిచ్చి, "ఇది నీళ్ళ లెక్కలోకి రాదు, స్వామి తీర్థం" అన్నాను. ఆయన గ్లాసు వైపు చూశారు, నా వైపు చూశారు. కళ్ళు మూసుకుని తాగేశారు. ప్రసాదంగా ఇచ్చిన అరటిపండు, రెండు కొబ్బరి ముక్కలు కూడా నేనే ఒలిచి, నేనే చేతిలో పెట్టాను.

అక్కడినుంచి తేలినీలాపురం. చలికాలంలో దూరదేశాల పక్షులు వచ్చి గూళ్ళు కట్టుకునే ఊరు ఇది. చెరువు గట్టు మీద పిల్లలు భయం లేకుండా నడవవచ్చు. అయితే వేగంగా నడవకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. గూడబాతులు చెట్ల కొమ్మలు వంగిపోయేలా కూర్చుని ఉన్నాయి. గట్టు మీద గేదెను తోలుకెళ్తున్న ఒకావిడ మేఘనతో, "రాయి గట్రా ఇసరకే గుంటా. మా ఆడపిల్లలు పురుటికొచ్చినారు" అంది. మేఘన అటూ ఇటూ చూసి, "ఎక్కడ?" అంది. ఆవిడ చెట్ల మీదకు చేయి చూపించింది. ఆ ఊరివాళ్ళు పక్షుల్ని అలాగే అనుకుంటారు. ముప్పావుగంట నడిచి, నీడన కూర్చుని ఇడ్లీలు తిన్నాం. మా ఆయన సీసాలోంచి రెండు గుక్కలే తాగి మూత పెట్టేశారు. నేను సీసాను వెలుతురుకు పట్టి ఎంత మిగిలిందో చూశాను. నా జాగ్రత్త మీద నాకు ఎంత నమ్మకమో!

పదకొండు కావస్తుండగా వాళ్ళ ఊరు చేరాం. సింహాచలాన్ని ఊరి మొదట్లో ఉండమని చెప్పి, మేం ముగ్గురం తోటలోకి దిగాం. ఈ దారి రెండు కిలోమీటర్లకు మించదు. మొదట జీడిమామిడి, తర్వాత గెడ్డ గట్టు, ఆ తర్వాత కొబ్బరి, ఆ చివర సముద్రం. జీడి కొమ్మలు నేలను తాకుతుంటాయి కాబట్టి పిల్లలకు పొడుగు చేతుల చొక్కా వేయండి. గెడ్డంటే వాగు; అందులో మోకాలి లోతు నీళ్ళే కానీ, గట్టు అక్కడక్కడా కోసుకుపోయింది. మా ఆయన ముందు నడిచారు. చెట్టు చెట్టునూ తడుముతూ, ఇది మా తాత వేసింది, ఇది తుఫానుకు పడిపోతే మళ్ళీ నిలబెట్టింది అని మేఘనకు చెబుతూ వెళ్ళారు. ఆయన గొంతులో ఆయాసం లేదు. నేను లోలోపల స్వామికి దండం పెట్టుకున్నాను.

గెడ్డ దాటిన చోట అప్పలనరసమ్మ ఎండిన కొబ్బరిమట్టలు మోపు కడుతోంది. మా ఆయనకు వరసకు మరదలు. తలెత్తి చూసి, "ఓలమ్మో! బావా, ఇన్నాళ్ళకి గుర్తొచ్చినామా?" అంది. ఉద్దానంలో తోటకొచ్చిన మనిషికి బొండం కొట్టి ఇవ్వకుండా పంపరు. మేఘనకూ నాకూ కొట్టి ఇచ్చింది. మా ఆయన దగ్గరికి వచ్చి కత్తి కింద పెట్టేసింది. "నీకు కొట్టనులే బావా. మా ఇంటాయనకీ నాలుగేళ్ళు కొట్టలేదు" అంది. వాళ్ళాయన అదే జబ్బుతో పోయాడు. మా ఆయన ఆమె వైపు చూడకుండా దారి పట్టారు.

ఇంకో వంద అడుగులు వేశామో లేదో ఆయన నిలబడిపోయారు. "కాళ్ళు నావి కావే" అన్నారు. చెట్టుకు ఆనుకుని అలాగే జారి కూర్చున్నారు. ముఖం తెల్లగా పాలిపోయింది. చేయి పట్టుకుంటే నాడి ఒక కొట్టు కొట్టి, ఆగి, మళ్ళీ కొడుతోంది. సముద్రం హోరు వినబడుతోంది కానీ, చెట్ల మధ్యనుంచి ఇంకా కనబడటం లేదు.

అప్పలనరసమ్మ పరుగున వచ్చింది. ఆయన్ని మట్టల మీద పడుకోబెట్టి, నన్ను పక్కకు లాగింది. "పొద్దున్నించి ఏటి తిన్నాడు?"

"ఇడ్లీ. అరలీటరులో సగం నీళ్ళు కూడా తాగలేదప్పా."

"ఇంకేటి?"

"ప్రసాదం."

"ప్రసాదమంటే ఏటో సరిగ్గా సెప్పు."

చెప్పాను. ఆమె రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "గ్లాసుడా? ఓలమ్మా, దేవుడికి కొట్టినా అది కొబ్బరికాయే కదే!"

బొండం వద్దని నాకు తెలియక కాదు. అప్పటికే రెండేళ్ళుగా మా ఇంట్లో బొండం లేదు, కొబ్బరి పచ్చడి లేదు, ఆయన కంచంలో అరటిపండు లేదు. కానీ తీర్థాన్ని నేను ఎప్పుడూ వాటితో కలిపి చూడలేదు. స్వామి ముందు కొట్టాక అది వేరే అయిపోతుందనుకున్నాను. పైగా శుక్రవారం తర్వాత మళ్ళీ సోమవారం దాకా డయాలసిస్ ఉండదు. ఆ ఎడంలో రక్తం శుభ్రపడక, ఒంట్లో చేరింది చేరినట్టే ఉంటుంది. నేను ఎంచుకున్న ఆదివారం సరిగ్గా ఆ ఎడంలోదే.

మేఘన పరుగెత్తి సింహాచలాన్ని పిలుచుకొచ్చింది. ఆటో తోటలోకి వచ్చినంత దూరం వచ్చింది. మిగతా దూరం అతనూ అప్పలనరసమ్మా ఆయన్ని చేతుల మీద మోశారు. పలాస చేరడానికి పట్టిన సమయం నేను చూసుకోలేదు. దారిపొడవునా స్వామిని అడగడానికి కూడా నాకు నోరు రాలేదు. ఆసుపత్రిలో గుండె పరీక్ష చేసి, కొబ్బరినీళ్ళలో, అరటిపండులో ఉండే పొటాషియం రక్తంలో బాగా పెరిగిపోయిందని, వెంటనే మిషను మీద పెట్టారు. ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమన్నారు.

సాయంత్రం నర్సమ్మాయి బయటకు వచ్చి, గండం గడిచిందని చెప్పింది. నేను ఆమె చేతులు పట్టుకుని జరిగింది చెప్పేశాను. "ఆయనకి తెలీదమ్మా, నేనే ఇచ్చాను" అన్నాను. ఆ అమ్మాయి నా వైపు వింతగా చూసింది.

"పెదనాన్నకి తెలీకపోడమేటమ్మా? కొత్తగా వచ్చినోళ్ళకి ఏటి తినాలో ఏటి తినకూడదో సెప్పేది ఆయనే. దేవుడి దగ్గర కొట్టిన కాయ నీళ్ళు తాగొచ్చినాడని మొన్న ఒకాయన్ని ఎంతలా తిట్టీసినారో!"

లోపలికి వెళ్ళాను. ఆయన కళ్ళు తెరిచి, "ఎండ దెబ్బే. నీకేటి సెప్పారు?" అన్నారు.

"ఎండేనన్నారు" అన్నాను.

"సూసినావా. నువ్వు ఊరికే కంగారు పడిపోతావు."

అది జరిగి ఏడాది కావస్తోంది. ఆ విషయం మేం మళ్ళీ మాట్లాడుకోలేదు. ఇప్పుడు గుడికి వెళ్తే తీర్థంలో వేలు ముంచి ఆయన కళ్ళకు అద్దుతాను, అంతే. అలా చాలని పంతులుగారు చెప్పారన్నాను. పంతులుగారిని నేను అడగనే లేదు. ఆయన ఊఁ అన్నారు. తప్పు స్వామిది కాదు. పూజ చేసిన చేత్తో ఏమిచ్చినా మంచిదే అవుతుందనుకున్నాను. ఆ గ్లాసు పట్టుకుని ఆయన నా వైపు ఎందుకు చూశారో ఇప్పుడు తెలుసు. నా మొక్కును కాదనలేక, తెలిసి తెలిసి తాగారు. అంత ప్రేమను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, రోజూ దీపం ముందు కూర్చుంటున్నాను.

ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే ఈ నడక మానుకోమని చెప్పను. డయాలసిస్ అయిన మర్నాడే పెట్టుకోండి. ఆదివారం వద్దు. గుడిలో ఇచ్చేది కూడా తినే లెక్కలో, తాగే లెక్కలో వేయండి. ఈ కాగితాలు దాచుకోండి. మా ఊరివాళ్ళెవరైనా చదివితే మాత్రం, మా ఆయనకు చూపించకండి. నాకు తెలియదనే ఆయన అనుకుంటున్నారు.