క్లాసంతటికీ ఒకే ఫోన్ నంబరు

మా కాలేజీ రికార్డుల్లో అమ్మాయిలందరి ఫోన్ నంబరూ ఒకటే ఉండేది. అది నాది. ఈ మాట చెబితే పై ఆఫీసుల వాళ్ళు నవ్వుతారు. పాతబస్తీలో ఆడపిల్లలకు పాఠం చెప్పిన వాళ్ళెవరూ నవ్వరు.

ఇక్కడ ఆడపిల్ల నంబరు బయటికి ఇవ్వరు. రీచార్జి కొట్టులో చెబితే సాయంత్రానికి ఎవడో 'హాయ్' అంటాడు. జిరాక్స్ షాపులో ఫారం మీద వదిలేస్తే మర్నాటికి 'ఆప్ కా ఫోటో అచ్ఛా హై' అని మెసేజ్ వస్తుంది. హిందువుల ఇళ్ళలోనైనా, ముస్లింల ఇళ్ళలోనైనా ఈ భయంలో తేడా లేదు. పోనీ అన్న నంబరో బాపు నంబరో రాద్దామంటే, కాలేజీ నుంచి ఏ చిన్న మెసేజ్ పోయినా ఇంట్లో లొల్లి. అందుకని అడ్మిషన్ల రోజున అమ్మాయిలు నా బల్ల దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "మేడం, మీ నంబర్ రాస్కోనా?" అని అడిగేవాళ్ళు. రాసుకొమ్మనేదాన్ని. నాకు ముందు పనిచేసిన మేడం కూడా అంతే. ఆమె రిటైరై పోతూ స్టాఫ్‌రూమ్ అల్మారా తాళంతో పాటు ఈ పనిని కూడా నాకు అప్పజెప్పింది.

దానివల్ల నా బతుకేమీ సుఖంగా లేదు. స్కాలర్‌షిప్‌ల కాలంలో ఓటీపీలన్నీ నాకే వచ్చేవి. కూర తాలింపు పెడుతుంటే ఒకటి, బస్సులో నిలబడి ఉంటే ఒకటి. అది ఎవరిదో కనుక్కుని, ఆ పిల్లకు చేరవేసేలోపల గడువు అయిపోయేది. మళ్ళీ మొదలు. విసుక్కునేదాన్ని, తిట్టేదాన్ని కూడా. కానీ ఏ పిల్లకూ నా నంబరు ఇవ్వనని అనలేదు.

అప్పుడు వచ్చింది పోర్టల్. రాష్ట్రంలోని కాలేజీ విద్యార్థులందరినీ ఒకే చోట చేర్చి, ఇంటర్ నుంచి ఉద్యోగం దాకా ఎవరు ఎక్కడున్నారో, ఎవరు చదువు మానేసేలా ఉన్నారో ముందే కనిపెడుతుందట. ఒక పెద్ద హాల్లో మాకు ట్రైనింగ్ ఇచ్చారు. చల్లారిన సమోసా, పేపర్ కప్పులో చాయ్, ఆపైన ప్రాజెక్టు ఆఫీసరు ఉపన్యాసం. నా దగ్గర చదువుకున్న పిల్లల ఈడువాడు. బాగా చదువుకుంటున్న విద్యార్థి తెర మీద ఆకుపచ్చ చుక్క, అటూ ఇటూగా ఉంటే పసుపు, మానేస్తే ఎరుపు. "డేటా అబద్ధం చెప్పదు మేడం, మనుషులు చెబుతారు" అన్నాడు, ముందు వరసలో కూర్చున్న మా అందరినీ చూస్తూ. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆ మనిషి నాకు మొదటి నిమిషం నుంచే నచ్చలేదు. ఇప్పటికీ నచ్చడు.

కాలేజీ నుంచి వివరాలు ఎక్కించే పని నా నెత్తినే పడింది. ఎక్కించాను. రికార్డుల్లో ఎలా ఉందో అలాగే ఎక్కించాను. ఒకే నంబరు అన్నిసార్లు కనిపించేసరికి పోర్టల్ ఆ అమ్మాయిలందరినీ ఒకే మనిషిగా కలిపేసింది. ఆ ఒక్క మనిషి బీకామూ చదువుతోంది, బీయస్సీ కూడా చదువుతోంది. పొద్దున ఉర్దూ మీడియంలో ఉంది, మధ్యాహ్నం తెలుగు మీడియంలో ఉంది. మిగిలిన నా పిల్లలంతా ఎర్రచుక్కలు. చదువు మానేశారట. ఆ మానేసిన వాళ్ళంతా అదే సమయంలో నా ఎదురుగా బెంచీల మీద కూర్చుని నోట్సు రాసుకుంటున్నారు.

నవ్వుకుని ఊరుకునే సంగతే, కానీ ఆ ఏడాది నుంచి హాల్ టికెట్లు కూడా పోర్టల్ నుంచే వస్తాయన్నారు. ఆఖరి సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడ్డాయి. బీకాం చివరి ఏడాది అమ్మాయి ఒకతె నా దగ్గరికి వచ్చి నిలబడింది. వాళ్ళమ్మ గుడిమల్కాపూర్ మార్కెట్‌లో పూలదండలు కడుతుంది. ఈ పిల్ల కూడా తెల్లవారుజామున అక్కడ దండలు కట్టి, వేళ్ళకు బంతిపూల పసుపుతోనే కాలేజీకి వచ్చేది.

"మేడం, నా హాల్ టికెట్ వస్తలేదు. కాలేజ్ ఇడిశిపెట్టిన్నని చూపెడ్తుంది. నేను ఏడ ఇడిశిపెట్టిన?"

"ఫికర్ చేయకు. నేను పోయి మాట్లాడ్త."

"ఈసారి రాయకపోతే మా అన్న మళ్ళ రాయనియ్యడు మేడం. ఇదే లాస్ట్ అన్నడు."

ఆ ఒక్క మాటే పట్టుకుని ఆఫీసరు దగ్గరికి పోయాను. చల్లటి గది, గోడకు పెద్ద తెర, తెర నిండా చుక్కలు. జరిగింది చెప్పాను. అతను పూర్తిగా విననేలేదు.

"ఇది తప్పుడు డేటా మేడం. మీరే సిస్టమ్‌ను పాడు చేశారు."

"తప్పుడు డేటా కాదు. మా దగ్గర పద్ధతే అది. సంరక్షకురాలి నంబరు అనుకొని ఒప్పుకోండి."

"అలా కుదరదు. ప్రతి అమ్మాయి సొంత నంబరు ఇవ్వాలి, ఓటీపీతో ధ్రువీకరించాలి. అంతే."

"వాళ్ళ ఇళ్ళల్లో ఒప్పుకోరు సార్."

"నంబరే కదా మేడం, ఇస్తే ఏం పోతుంది? ఈ కాలంలో కూడా ఇవేం భయాలు?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం. వాదించి లాభం లేదని లేచాను. లేస్తూ, సవరణల్లో ఏదైనా అడ్డం వస్తే ఫోన్ చేస్తాను, మీ నంబరు ఇవ్వండి అన్నాను. "ఆఫీసు ల్యాండ్‌లైన్ ఉంది కదా, దానికి చేయండి. పర్సనల్ నంబరు ఎవరికీ ఇవ్వను. ఒకసారి ఇస్తే ఇక ఆగరు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖంలో ఏ తడబాటూ లేదు. నాకు అక్కడే ఆ బల్ల బోర్లా తోసేయాలనిపించింది. తోయలేదు, బస్సెక్కి వచ్చేశాను.

ఆ పిల్లకు సొంత ఫోన్ ఉంది. పాతది, అద్దం పగిలింది. ఆ నంబరు వాళ్ళమ్మకూ ఇద్దరు స్నేహితురాళ్ళకూ తప్ప ఎవరికీ తెలియదు. ఫోన్ కొనిచ్చిన రోజే అన్న షరతు పెట్టాడట, తెలియని మగవాడి గొంతు ఒక్కటి వినబడినా ఫోన్ ఉండదు, కాలేజీ ఉండదు అని. పరీక్ష కోసం ఆమె నంబరు ఎక్కించింది. చుక్క ఆకుపచ్చగా మారింది. మర్నాటికి హాల్ టికెట్ వచ్చింది. చున్నీ చెంగుతో అద్దం తుడిచి మరీ నాకు చూపించింది.

వారం తిరగకుండా ఫోన్లు మొదలయ్యాయి. ఎంబీఏ సీటు కావాలా, లోన్ కావాలా, కోచింగ్‌లో చేరతారా. ఎవడో పేరు పెట్టి పిలిచి, బీకాం ఫైనల్ కదా మేడం, అన్నాడట. ఎవరు ఇచ్చారో, ఎవరు అమ్ముకున్నారో నాకు తెలియదు. పోర్టల్‌లో ఎక్కించేదాకా ఆ ఫోన్ ఒక్కసారి కూడా అలా మోగలేదని మాత్రం తెలుసు. ఒక ఫోన్ సరిగ్గా అన్న అన్నం తింటున్నప్పుడు వచ్చింది. అతనే ఎత్తాడు. ఆ పిల్ల కాలేజీకి రావడం ఆగిపోయింది. పరీక్షలు సోమవారం నుంచి.

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దాటి, సందులో వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ పోయాను. అన్న ఆటో తుడుస్తున్నాడు. నన్ను చూసి గుడ్డ పక్కన పడేశాడు. కుర్చీ వేశాడు, నీళ్ళు తెమ్మన్నాడు, ఆ తర్వాతే కోపం బయటికి తీశాడు.

"మేడం, మీ నంబర్ ఉన్నన్ని రోజులు నేను ఒక్క మాటన్న అన్ననా? మీరున్నరనే కదా పంపిన. ఇప్పుడు ఎవడెవడో ఫోన్ జేసి నా చెల్లె పేరు పెట్టి పిలుస్తుండు. గీ నంబర్ ఎవలిచ్చిండ్రు?"

"సర్కారోళ్ళు ఇయ్యమన్నరు బిడ్డా. ఇయ్యకపోతే హాల్ టికెట్ రాదన్నరు."

"మరి సర్కారోళ్ళు వచ్చి కావలి ఉంటరా? మస్తు చదివింది, ఇగ చాలు."

లోపల గుమ్మం పక్కన ఆ పిల్ల నిలబడి ఉంది. ఏడవడం లేదు. నా వైపు చూడటం కూడా లేదు. అతని కోపమూ నా కోపమూ ఒకటే, అది దిగిన చోటే వేరు. అది గోడకు అంత పెద్ద తెర పెట్టుకున్నవాడి మీద దిగాలి. ఇక్కడ, ఈ పిల్ల మీద దిగింది.

చివరికి వాళ్ళమ్మే మాట్లాడింది. ఒడిలో పూలు ఉన్నాయి, చేతులు ఆగలేదు. "సిమ్ము మేడంకిచ్చెయ్ రా. మోగితే మేడం దగ్గర్నే మోగుతది. పిల్ల పరీక్ష రాసొస్తది." అతను గుడ్డ తీసుకుని ఆటో అద్దం మళ్ళీ ఒకసారి తుడిచాడు. తర్వాత లోపలికి పోయి, సిమ్ తీసి, ఒక కాగితంలో మడిచి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఫోనైతే దానికి ఇగ ఇయ్య" అన్నాడు. ఆ మాట మీదే ఉన్నాడు.

పిల్ల పరీక్షలు రాసింది. పాసైంది. ఇప్పుడు బేగంబజార్‌లో గిన్నెల హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు చూస్తోంది. ఫోన్ మాత్రం ఇప్పటికీ చేతికి రాలేదు. స్నేహితురాలితో మాట్లాడాలంటే ఆదివారం మా ఇంటికి వచ్చి నా ఫోన్‌లో మాట్లాడుతుంది.

ఈ సంగతి తెలిసి మిగతా అమ్మాయిలు కూడా కొత్త సిమ్‌లు తెచ్చి, ఓటీపీ అయ్యాక నా దగ్గరే పెట్టారు. అల్మారాలో పాత మిఠాయి డబ్బా నిండా సిమ్‌లే. పోర్టల్‌కు ఇప్పుడు వేర్వేరు నంబర్లు కనిపిస్తున్నాయి, అన్ని చుక్కలూ పచ్చగా ఉన్నాయి. మా కాలేజీ డేటా శుభ్రంగా ఉందని ప్రశంస కూడా వచ్చింది. ఎవరి నంబరుకు ఏ ఫోన్ వచ్చిందో చూడటానికి వంతులవారీగా ఒక్కో సిమ్ పాత ఫోన్‌లో వేస్తుంటాను.

మొన్న ఆ పూల పిల్ల సిమ్ వేసిన రోజున ఫోన్ మోగింది. తెర మీద పది అంకెల మొబైల్ నంబరు. ఎత్తి, ఊఁ అన్నాను.

"అమ్మా, కంగ్రాట్స్! మీరు ఎరుపు నుంచి ఆకుపచ్చకు వచ్చారు. మా సిస్టమ్ వల్లే మీ చదువు నిలబడింది. రేపు పెద్ద మీటింగులో మీ కథ చెప్పాలనుకుంటున్నాం, మీ ఫోటో ఒకటి పంపిస్తారా?"

ఆ ప్రాజెక్టు ఆఫీసరు గొంతు మరిచిపోయేది కాదు. నేను కాలేజీ మేడాన్ని అని చెప్పాను.

"సార్, ఆ పిల్లకు ఇప్పుడు ఫోన్ లేదు. మీ సిస్టమ్ వల్లే. మీ మీటింగులో అది కూడా చెప్పండి" అన్నాను. తర్వాత అడిగాను, "ఇది మీ పర్సనల్ నంబరేనా?"

అతను గొంతు తగ్గించి, అడ్మిషన్ రోజున నా బల్ల దగ్గర నిలబడే పిల్లల్లాగానే, "మేడం, దయచేసి ఈ నంబరు ఎవరికీ ఇవ్వకండి" అన్నాడు.