మాతృభాష గడి

మా పెద్దసారు పోయారని మొన్న మంగళవారం బడి గంట కొట్టకముందే ఫోనొచ్చింది. మూడు నెలలుగా మంచం మీదున్న మనిషి. ఎప్పుడో ఒకనాడు వినాల్సిన మాటేనని తెలుసు. అయినా నాకు ముందు కలిగింది దుఃఖం కాదు. ఇక చెప్పుకోవడానికి మనిషి లేడన్న భయం. ఆ భయమే ఇలా రాయిస్తోంది.

ఆయన కాజీపల్లి దగ్గర ఒక సర్కారు బడికి హెడ్మాస్టరు. నేను అదే బడిలో టీచర్ని. మా పిల్లల్లో చాలామంది ఫ్యాక్టరీ కూలీల బిడ్డలు, బిహారు నుంచీ ఒడిశా నుంచీ వచ్చినవాళ్లు. కొత్త పిల్లలు చేరితే పెద్దసారు మధ్యాహ్న భోజనం వేళ పక్కన కూర్చుని, ఉప్పు చూపించి, మీ ఇంట్లో దీన్ని ఏమంటారని సైగ చేసేవారు. ఒకడు నమక్ అంటే, ఒకతె నూన్ అనేది, ఇంకొకతె లుణ అనేది. అవన్నీ గోడ మీద సుద్దముక్కతో తెలుగు అక్షరాల్లో రాసుకుని చదివేవారు. ఆయన పలికే తీరుకి పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. ఆయనకు కావలసిందీ అదే. నవ్విన పిల్ల మర్నాడు కూడా బడికొస్తుంది.

పరీక్షల్లో మాత్రం మా బడి మండలానికి ఆఖరు. ఈ మొద్దులకు ఎంత చెప్పినా ఇంతేనని నేను విసుక్కుంటే, "మొద్దులు గాదు బిడ్డా, మన మాట తెల్వదంతే. నిన్ను తీస్కపోయి బిహార్ల కూసోబెడితే నువ్వేం జెప్తవ్?" అనేవారు. పిల్లల్ని తిట్టడం మానుకున్నది ఆయన వల్లే.

ఆయన కోరిక ఒక్కటే. వాళ్ల భాష తెలిసిన టీచరు ఒక్కరు కావాలి. బడికొచ్చే గ్రాంటు సుద్దముక్కలకూ చీపుర్లకూ సరి. అందుకని పై ఆఫీసుకు దరఖాస్తు పెట్టారు. జవాబు జల్దీగానే వచ్చింది. మీ బడి వివరాల్లో పిల్లలందరి మాతృభాషా తెలుగే, వేరే టీచరు అవసరం లేదన్నారు.

ఆ వివరాలు కంప్యూటర్లో ఎక్కించింది నేనే. గడువుకు ఆఖరి రోజు, నెట్ వస్తోంది, పోతోంది. ఒక్కొక్కరి భాషా వెతికి నొక్కే ఓపిక లేక, మాతృభాష గడిలో అందరికీ తెలుగు పెట్టేసి చేతులు దులుపుకున్నాను. ఎవరు చూస్తారులే అనుకున్నాను. ఒకసారి ఎక్కిస్తే మళ్లీ పై ఆఫీసు వాళ్లే మార్చాలి.

జవాబు కాగితం పట్టుకుని సారు నా దగ్గరికే వచ్చారు. "గీ తప్పు ఎట్ల వడ్డది బిడ్డా? కంప్యూటర్ల ఏమన్న గడబిడ అయిందా?"

"అయ్యుంటది సార్" అన్నాను. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సవరించమని ఆయన పెట్టిన అర్జీలన్నీ టైపు చేసిందీ నేనే. పొరపాటు ఎలా జరిగిందో తెలియరాలేదని ప్రతిసారీ నా చేత్తోనే కొట్టాను. చదువు బాగాలేదని మెమో వస్తే ఆయనే వెళ్లి తలవంచుకు నిలబడ్డారు. పైగా, "మా టీచరమ్మ లేకుంటె నాకు ఒక్క కాయిదం గూడ కదల్దు" అని అందరి ముందూ నన్ను పొగిడేవారు. దానికంటే తిట్టినా బాగుండేది.

ఆయన మంచాన పడ్డాక, సంగారెడ్డి ఆసుపత్రికి నిజం చెప్పేయాలనే వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే ఆయన అడిగారు. "గా మాతృభాషది సరి జేసిన్రా?"

"చేసిన్రు సార్" అనేశాను.

ఆయన కళ్లు మూసుకుని, "ఇగ టీచరొస్తడు. పిల్లలకు జెప్పు" అన్నారు. తప్పు ఒప్పుకుందామని పోయినదాన్ని, రెండో అబద్ధం ఆడి వచ్చాను. ఆ మాట నిజమని నమ్మి ఆయన పోయారు.

బుధవారం ప్రార్థన వేళ సంతాప సభ పెట్టాం. నన్నే మాట్లాడమన్నారు. సారు గురించి చాలాసేపు మాట్లాడాను, మాట్లాడుతూనే ఏడ్చాను. పిల్లలంతా మాతోపాటు రెండు నిమిషాలు కదలకుండా నిలబడ్డారు. క్లాసులకు వెళ్లేటప్పుడు, మూడో తరగతి బిహారు పిల్ల నా కొంగు పట్టుకుని ఆపింది.

"మేడమ్, బడే సార్ కబ్ ఆయేంగే?"

సారు ఎప్పుడొస్తారని అడుగుతోంది. నేను మాట్లాడిందంతా తెలుగులోనే. ఆ పిల్ల వెనకాల వరసలో మిగతా పిల్లలు కూడా ఆగిపోయి, జవాబు కోసం నా మొహంలోకి చూస్తున్నారు.