పాలపుంతకి అడ్డొచ్చిన పెట్టె

మా ఆయనది వస్తువుల నోళ్లు మూయించే ఉద్యోగం. నవ్వకండి, జీతమిచ్చి మరీ పెట్టుకున్నారు. మా కాలనీ వెనక మిట్ట మీద పెద్ద ఇనుప పళ్లెం ఉంది. దాన్ని రేడియో టెలిస్కోపు అంటారు. నక్షత్రాల నుంచి వచ్చే రేడియో తరంగాల్ని అది పట్టుకుంటుంది. అవి ఎంత సన్నగా ఉంటాయంటే, పక్కింట్లో రిమోటు బొమ్మ కారు తిరిగినా చాలు, అందులో కొట్టుకుపోతాయి. అందుకే మా కాలనీలో సెల్‌ఫోను లేదు, వైఫై లేదు. వైరున్న ఫోన్లే అందరికీ. ఎవరైనా గుట్టుగా ఏదైనా తెచ్చుకున్నారో, ఈయన మీటరు, యాంటెన్నా పట్టుకుని గుమ్మంలో ప్రత్యక్షం.

కాలనీ అంతా ఈయన్ని చాటుగా 'కర్ఫ్యూ' అంటారు. కిందింటి టైలరు భార్య, పసిదాని ఏడుపు వంటింట్లోకి వినపడాలని ఉయ్యాల పక్కన ఏదో మెషీను పెట్టుకుంటే, దాన్నీ పట్టుకొచ్చేశారు. ఆవిడ మెట్ల మీద నన్ను చూసి మొహం తిప్పుకునేది.

"పసిపిల్లదండీ, కాస్త చూసీ చూడనట్టు పోకూడదూ?" అన్నాను.

"ఒకళ్లకి వదిలితే అందరికీ వదలాలి. రూలంటే రూలే," అన్నారు. అంత ముక్కుసూటి మనిషి.

మా వదిన, అంటే ఈయన అక్కయ్య, మా దగ్గరే ఉంటుంది. నాలుగైదేళ్లుగా చెవులు బొత్తిగా పోయాయి. మేమంతా గొంతులు చించుకునేవాళ్లం. ఆవిడేమో అర్థమైనట్టు తలూపి, నవ్వకూడని చోట నవ్వి, మా మొహాలు చూసి నాలిక కరుచుకునేది. రాను రాను నలుగురిలో కూర్చోవడమే మానేసింది. అది చూసి ఆవిడ కూతురు ఒక కొత్త పరికరం పంపించింది: చెవుల్లో పెట్టుకునే రెండు గింజలు, సబ్బుపెట్టె అంత పెట్టె ఒకటి. పెట్టెని బల్ల మీద పెడితే చుట్టూ మాటల్ని పట్టి, వైరు లేకుండా చెవుల్లోకి పంపుతుంది. పెట్టె లేకపోతే ఆ గింజలు ఉత్తవే.

పెట్టుకున్న మొదటి నిమిషంలోనే వదిన, "అమ్మాయ్, ఆ కుళాయి కారుతోంది. ఇంతమందిలో ఒక్కరికీ పట్టదా?" అంది. ఈయన పగలబడి నవ్వుతూ కళ్లు తుడుచుకున్నారు. ఇంకెవరింట్లోనైనా అయితే ముందు మీటరు తెచ్చి చూసేవారే. అక్క నవ్వు చూసి, "తర్వాత చూద్దాంలే" అనుకున్నారట.

ఆ తర్వాత కొన్నాళ్లకే టెలిస్కోపు దగ్గర పరిశోధన చేసే మేడమ్‌కి ఇదివరకు ఎవరూ పట్టని ఒక సంకేతం దొరికింది. ఆవిడ మా ఇంటికి వస్తూ పోతూ ఉండేది, నాకు వంటింటి గట్టు మీద గిన్నెలు పేర్చి పాలపుంత పాఠం చెప్పేది. మన పాలపుంత నడిబొడ్డున ఒక కృష్ణబిలం ఉందట, నలభై లక్షల సూర్యులంత బరువట. అడ్డంగా ధూళి ఉండటంతో అక్కడి వెలుగు మన దాకా రాదు, రేడియో తరంగాలు మాత్రం దూరి వచ్చేస్తాయి. మా చోటు నుంచి చూస్తే ఆ నడిబొడ్డు దక్షిణాన బాగా కిందికి ఉంటుంది. దాన్ని చూడాలంటే పళ్లెం మా కాలనీ కప్పుల మీదుగా వంగాలి.

అలా వంగినప్పుడే ఆ సంకేతం వచ్చేది. పక్కకి తిప్పితే మాయం. "నడిబొడ్డు నుంచే వస్తోంది! కానీ ముందు మన చుట్టుపక్కల ఏమీ లేదని తేలాలి," అని మేడమ్ ఈయన్ని కాలనీ అంతా చూసి రమ్మంది.

ఈయన చూశారు. మీటరు ముల్లు ఎగిరి దూకింది మా కిటికీ కింద. లోపల వదిన, పైఇంటావిడ చెప్పే కబుర్లు వింటూ, సరిగ్గా నవ్వాల్సిన చోట నవ్వుతోంది. ఈయన కాసేపు అక్కడే నిలబడి, వెనక్కి వెళ్లి, "కాలనీలో ఏమీ లేదు మేడమ్," అని చెప్పేశారు.

ఇంకెవరు చెప్పినా ఆవిడ మళ్లీ చూడమనేది. చెప్పింది కర్ఫ్యూ కదా, నమ్మేసింది.

ఇదంతా అప్పట్లో నాకు తెలీదు. ఈయన తిండి సరిగా తినకపోతే వయసు మీద పడిందనుకున్నాను. మేడమ్ మాత్రం చిన్నపిల్లలా గెంతేది. ఇక శాస్త్రవేత్తల పెద్ద సభలో అందరి ముందూ చెప్తానని వచ్చి చెప్పిన రోజు ఈయనకి చెమటలు పట్టాయి. ఆ సాయంత్రం ఏం చేశారో తెలుసా? వదిన స్నానానికి వెళ్లినప్పుడు పెట్టె విప్పి, మాటల్ని పంపించే తీగ ఊడదీశారు. పచ్చ లైటు మాత్రం వెలుగుతూనే ఉండేలా చూసుకున్నారు, మహా పనిమంతుడు!

వదిన పెట్టెని తిప్పి తిప్పి చూసింది. లైటు ఉంది. "మెషీను బాగానే ఉందే. నా చెవులే పూర్తిగా పోయినట్టున్నాయి," అంది. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే వద్దంది. మళ్లీ తన గదిలోకి వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది. అవతల మేడమ్ సంకేతం ఆగిపోయిందని సభలో మాట్లాడటం మానుకుంది. రోజూ పళ్లెం వంచుకుని, అయినవాళ్లు పోయినట్టు కూర్చునేది.

ఒకరోజు వదిన భోజనానికి కూడా లేవలేదు. ఈయన కంచం ముందు కూర్చుని, అన్నం కెలుకుతూ, మొత్తం నాతో చెప్పేశారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మీరసలు మనిషేనా? ఆవిడ చెవులు పోయాయని కుమిలిపోతుంటే చూస్తూ ఎలా కూర్చున్నారు? ఊరందరి మెషీన్లూ లాక్కున్నారే, టైలరు పిల్ల కన్నా మీ అక్క ఎక్కువా? సరే, ఎక్కువే అనుకోండి. మరి ఆ ఎక్కువైన అక్కకి మీరు చేసిన నిర్వాకం ఇదా?"

"తిట్టవే, తిట్టు. అటు అక్క, ఇటు మేడమ్, ఇద్దరి పాపం నాకే చుట్టుకుంది," అన్నారు తల దించుకుని.

"పాపం సంగతి తర్వాత. ముందు లేచి ఆ తీగ పెట్టండి."

"పెడతాను. అక్కకి కాస్త వినపడనీ. ఆ తర్వాత మేడమ్ దగ్గరికెళ్లి ఒప్పుకుంటాను."

లేచి వదిన గదిలోకి వెళ్లారు. వెనకే నేనూ వెళ్లాను. గింజలు ఇంకా వదిన చెవుల్లోనే ఉన్నాయి. ఈయన పెట్టె విప్పి తీగ అతికించారు. మూత బిగించి, "అక్కా," అన్నారు, మెల్లగా.

వదిన చటుక్కున ఇటు తిరిగింది. "ఒరేయ్, మళ్లీ పిలూ!"

"అక్కా."

"వినపడుతోందిరా! బాగయ్యాయిరా నా చెవులు!" ఆవిడ ఈయన బుగ్గలు రెండు చేతులా పట్టుకుంది. ఈయన మాత్రం ఆవిడ కళ్లల్లోకి చూడలేదు.

అప్పుడే ఆ గదిలోనే గోడ మీది ఫోను మోగింది. ఈయన ఎత్తితే మేడమ్. పళ్లెం ఆ వేళ ఇటే వంగి ఉందట. ఆవిడ ఎంత గట్టిగా అరిచిందంటే నాకూ వినపడింది. "మళ్లీ వచ్చింది సార్! ఇప్పుడే, ఈ నిమిషంలోనే! మీరొక్కసారి మీటరు తీసుకుని కాలనీ చూసి రండి. ఏమీ లేదని మీరంటే చాలు, నాకింకేం అక్కర్లేదు!"

ఈయన ఫోను పట్టుకుని పెట్టె వంక చూశారు. నేను చూస్తూనే ఉన్నాను. ఇంకొక్క అబద్ధం చాలు, అంతా సర్దుకుపోతుంది.

"అది మా ఇంట్లోంచే వస్తోంది మేడమ్. మా అక్క చెవుల మెషీను," అన్నారు.

ఆవిడ మామూలు గొంతుతో అడిగింది, "మీకెప్పటి నుంచి తెలుసు?"

"మీరు మొదట చూసి రమ్మన్న రోజు నుంచి. చూశాను, తెలుసుకున్నాను, లేదని చెప్పాను. మధ్యలో ఆగిపోయింది కూడా నా వల్లే. అక్కకి తెలియకుండా తీగ ఊడదీశాను."

మేడమ్ ఫోను పెట్టేసింది. ఈయన కూడా పెట్టి వెనక్కి తిరిగారు. పెట్టె మంచం పక్కనే ఉంది, అన్ని మాటలూ ఒక్కటి వదలకుండా అందించింది. వదిన ఈయన వంకే చూస్తోంది. చేతులు పైకెత్తి, ఒక చెవిలోది తీసింది, రెండో చెవిలోదీ తీసింది. రెండూ పెట్టె పక్కన పెట్టి గోడవైపు తిరిగి పడుకుంది.

"తప్పయిపోయింది అక్కా," అన్నారు ఈయన మంచం పక్కన కూలబడి. మళ్లీ గట్టిగా అన్నారు, ఇంకా గట్టిగా అన్నారు. ఆయన గొంతు కింద టైలరు వాళ్లింటి దాకా వినపడి ఉంటుంది. ఆవిడకి మాత్రం వినపడలేదు.